ఏ వారమైనా మీదే

డబ్బు పోసి కొనుక్కున్న వారాన్ని మీరు వాడుకోవడానికి వీల్లేదని ఎవరైనా చెబితే మీరేం చేస్తారో నాకు తెలియదు. నేను మాత్రం ఫోన్లో అరిచాను. ప్యాంటు పొడవు తగ్గించమని నా కుట్టు దుకాణానికి వచ్చిన పెద్దమనిషి, ఆ అరుపు తనమీదే అనుకుని ప్యాంటు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. అది ఇప్పటికీ కొక్కేనికి వేలాడుతూనే ఉంది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆయనా, ఆయన అన్న, అంటే మా బావగారూ, ఒకే గాజు ఫ్యాక్టరీలో ఒకే ఫర్నేస్ దగ్గర పనిచేస్తారు. సీసాలకి కావలసిన గాజు అందులో కరుగుతుంది. అది పగలూ రాత్రీ మండుతూనే ఉండాలి. మంట రంగు చూసి దాని ఒంట్లో ఎలా ఉందో చెప్పగలిగినవాళ్ళు ఫ్యాక్టరీ మొత్తానికి ఈ అన్నదమ్ములిద్దరే. అందుకని అన్న పగలు డ్యూటీలో ఉంటే తమ్ముడు రాత్రి, తమ్ముడు పగలైతే అన్న రాత్రి. పక్కపక్క వీధుల్లోనే ఉంటూ ఇద్దరూ కలిసి ఒక పూట భోజనం చేసి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర కాసేపు నిలబడి మాట్లాడుకుంటారు, అంతే. ఆ ఫర్నేస్‌ని నేను నా సవతి అంటాను. మా బావగారి భార్య, నా తోడికోడలు, "ఇద్దరికీ కలిపి ఒక్కతే సవతి, అందులోనైనా పొదుపు చేశారు" అంటుంది. ఆవిణ్ణి నేను అక్కా అని పిలుస్తాను. సొంత అక్క ఉన్నా ఇంతకంటే ఎక్కువ చేసేది కాదు.

ఏడాదికోసారి మాత్రం మా సవతి మంచాన పడుతుంది. లోపలి ఇటుకలు అరిగిపోతాయి. గాజంతా బయటికి వదిలేసి, మెల్లగా చల్లార్చి, కొత్త ఇటుకలు పేర్చి, మళ్ళీ మెల్లగా రగిలించాలి. చల్లార్చేటప్పుడూ రగిలించేటప్పుడూ అన్నదమ్ములు దగ్గరే ఉండాలి. మధ్యలో ఇటుకల మేస్త్రీ తన మనుషులతో వచ్చి పనిచేసే వారం రోజులు మాత్రం ఇద్దరికీ సెలవు. ఏడాది మొత్తంలో ఇద్దరూ ఒకేసారి ఖాళీగా ఉండేది ఆ వారమే. అది ఎండాకాలంలో ఎప్పుడైనా రావచ్చు. ఒక ఏడు మొదట్లో, ఇంకో ఏడు చివర్లో.

ఎప్పుడన్నది తేల్చేది మా ఆయనే. ఆయన బతుకులో ఇంతకు మించిన గౌరవం లేదు. ఇరవై ఏళ్ళుగా, ఎండలు ముదిరే ముందు ఒకరోజు మేనేజరుగారు మేడమీద ఆఫీసులోంచి హెల్మెట్ పెట్టుకుని స్వయంగా కిందికి వస్తారు. "ఏం డాక్టరూ, పేషెంటు ఎన్నాళ్ళు లాగుతుంది?" అంటారు. ఆ పేరు ఆయన పెట్టిందే, ఇప్పుడు ఫ్యాక్టరీ అంతా అలాగే పిలుస్తారు. మా ఆయన నల్లద్దం అడ్డం పెట్టుకుని మంటలోకి చాలాసేపు చూసి, "నెల రోజులు లాగుతుందండీ" అంటాడు. "ఇంకో పది రోజులు లాగదంటావా?" "జాగ్రత్తగా చూసుకుంటే లాగుతుందండీ." "సరే, నీ మాటే నా మాట." మర్నాడు నోటీసు బోర్డు మీద తేదీ పడుతుంది. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయన ఈ సంభాషణ అంతా నాకు ఇద్దరి గొంతులతో చెప్తాడు. నేను కూర కలుపుతూ ఊఁ కొడతాను.

ఫర్నేస్ ఆగితే ఫ్యాక్టరీ అంతటికీ సెలవే కాబట్టి, దీనివల్ల ఎవరూ ఏదీ ముందుగా అనుకోలేరు. సీసాలు సర్దేవాళ్ళ భార్యలు నా దుకాణానికి వచ్చి, "మీ డాక్టరుగారు కాస్త ముందు చెప్తే ఆయన సొమ్మేం పోయింది? మా చెల్లి పెళ్ళికి మా ఆయన లేకుండానే పోయాను" అని మూతి ముడిచేవాళ్ళు. ఒకావిడ నాకు బట్టలివ్వడమే మానేసింది. ఫర్నేస్ చెబితేగా ఆయన చెప్పేది అని నేను వెనకేసుకొచ్చేదాన్ని.

ఈ వారం కొనే ఆలోచన బావగారి మాటతో మొదలైంది. ఒకసారి షిఫ్టు మారేటప్పుడు మా ఆయన హెల్మెట్ తీసి తల తుడుచుకుంటుంటే బావగారు నిలబడిపోయారట. ఇంటికెళ్ళి అక్కతో, "వాడి జుట్టు అంతా తెల్లబడిపోయిందే. ఎప్పుడు తెల్లబడిందో నేను చూడనేలేదు" అన్నారట. అక్క మర్నాడు నా దుకాణానికి వచ్చి ఏడ్చింది. ఈ ఏడు ఆ వారాన్ని కారే కప్పులకీ విరిగిన తలుపులకీ తగలెయ్యకుండా ఇద్దర్నీ సముద్రం ముందు కూర్చోబెట్టాలని ఆ రోజే అనుకున్నాం. ఈ ఏడే కాదు, ఏటా.

సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో ఏడాదికి ఒక వారం చొప్పున గది అమ్ముతారని తెలుసు గానీ కొత్తది కొనే తాహతు మాకు లేదు. పాత యజమానులు అమ్ముకుంటే చవగ్గా వస్తుంది. అలా రెండు దొరికాయి. ఒకటి ఫిక్స్‌డ్ వారం. ఏటా ఫలానా వారమే, పిడుగులు పడ్డా మారదు. రెండోది ఫ్లోటింగ్ వారం. దాన్ని రిటైరైన ఒక టీచరమ్మ అమ్ముతోంది. "ఈ సీజను మొత్తంలో ఏ వారమైనా మీదేనమ్మా" అంది.

నేను ఇరవై ఏళ్ళుగా నడుములు కొలుస్తున్నదాన్ని. ఒకే చోట నిలవని నడుముకి గుండీ పెడితే లాభం లేదు, ఎలాస్టిక్ వెయ్యాలి. మా సెలవు ఏటా అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి ఫిక్స్‌డ్ వారం మాకు గుండీ, ఫ్లోటింగ్ వారం ఎలాస్టిక్. ఇది తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. పైగా కళ్ళు మూసుకునేం కొనలేదు. మా ఎండాకాలం అంతా ఆ సీజనులోకి వస్తుందా అని చూశాను. వచ్చింది. ఈ ఏటి వారం ఆవిడ వాడేసుకుందా అని అడిగాను. లేదు. పాత బాకీలేమైనా ఉన్నాయా అని అడిగాను. లేవు. కుట్టు విప్పి లోపల చూసినట్టు చూశాను. అడగాల్సిన ఒక్కటీ అడగలేదు.

ఈ ఏడు కూడా మేనేజరుగారు కిందికి దిగారు, మా ఆయన మంటలోకి చూశాడు, మర్నాడు బోర్డు మీద తేదీ పడింది. ఎగురుకుంటూ రిసార్టుకి ఫోన్ చేశాను.

"ఆ వారం ఫుల్ అయిపోయింది మేడమ్" అంది అవతలి అమ్మాయి, తేనె పూసిన గొంతుతో.

"ఫుల్ అవడమేంటమ్మా? సీజనులో ఏ వారమైనా నాదే కదా?"

"మీదే మేడమ్, ఖాళీ ఉంటే."

"ఖాళీ ఉంటే అన్న ముక్క నాకెవరూ చెప్పలేదే!"

అప్పుడు ఆ అమ్మాయి విడమర్చి చెప్పింది. ఫ్లోటింగ్ అంటే సీజనులో ఫలానా వారం అని ఎవరి పేరా ఉండదు. అందరికీ అన్ని వారాల మీదా హక్కు ఉంటుంది. ముందు ఎవరు అడిగితే వాళ్ళది. బుకింగ్ ఏడాది ముందే తెరుస్తారు. అప్పుడు కూడా రిసార్టు దగ్గర నేరుగా కొన్నవాళ్ళు ముందు, మాలా చేతులు మారిన వారం కొన్నవాళ్ళు రెండు నెలల తర్వాత.

"అదే గది, అదే మంచం, ఏటా అదే మెయింటెనెన్స్ ఫీజు. నేను కట్టిన డబ్బేమన్నా రెండు నెలలు ఆలస్యంగా చెల్లుతుందా?" అన్నాను.

"రూల్స్ అలా ఉన్నాయి మేడమ్. వానలు మొదలయ్యే ముందు వారం ఒకటి ఖాళీగా ఉంది, వెయ్యమంటారా?"

పెద్దమనిషి ప్యాంటు వదిలేసి పారిపోయింది అప్పుడే. అన్ని వారాలూ అందరివీ అని అందరికీ అమ్మడం, తీరా వెళ్తే ముందొచ్చినవాళ్ళు పట్టుకుపోయారనడం! ఇదే పని సంతలో ఎవరైనా చేస్తే నలుగురూ కలిసి తన్ని తరిమేస్తారు. గాజు తలుపులు పెట్టుకుని చేస్తే వ్యాపారం.

టీచరమ్మకి ఫోన్ చేసి కడిగేశాను. ఆవిడ చలించలేదు. "నేనేం అబద్ధం చెప్పలేదమ్మా. ఏటా ఏడాది ముందే ఫోన్ చేసేదాన్ని, అడిగిన వారం దొరికేది. మీరూ అలాగే చెయ్యండి."

"ఏడాది ముందు మాకు తేదీ తెలియదండీ!"

"తేదీ తెలియనివాళ్ళు ఫ్లోటింగ్ ఎందుకు కొన్నారమ్మా?" అంది.

తేదీ తెలియదు కాబట్టే కొన్నాం మేము. తేదీ ముందే తెలిసినవాళ్ళకి తప్ప పనికిరాని వస్తువుని, తేదీ ఎప్పటికీ తెలియనివాళ్ళం ఏరి కోరి తెచ్చుకున్నాం. ఇలాంటి తెలివైన పని చెయ్యాలంటే ఫర్నేస్ మనిషి పెళ్ళామే అయ్యుండాలి.

ఫోన్లో పనులు కావు, మనిషి ముఖం చూస్తే కాస్త జాలి పుడుతుందని అక్క అంటే ఇద్దరం బస్సెక్కి రిసార్టుకే వెళ్ళాం. రిసెప్షన్‌లో ఒక నడివయసు మనిషి ఉన్నాడు. కళ్ళజోడు దారానికి కట్టి మెడలో వేసుకున్నాడు. మంచివాడే. కుర్చీలు చూపించి, మంచినీళ్ళిప్పించి, కంప్యూటర్లో ఆ వారం తెరిచి మావైపు తిప్పాడు. అన్ని గదులూ ఎర్రగా ఉన్నాయి.

"ఒక్క గది సర్దండి బాబూ. మా మగవాళ్ళకి ఏడాదికి ఆ ఒక్క వారమే సెలవు. గాజు ఫ్యాక్టరీలో పని" అంది అక్క.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మమ్మల్ని మళ్ళీ చూశాడు. "మీరు గాజు ఫ్యాక్టరీ వాళ్ళా? ఆ వారం సగం గదులు మీవాళ్ళవేగా! మేనేజరుగారి కుటుంబం, అకౌంట్స్‌వాళ్ళు, స్టోర్సు ఆఫీసరుగారు. ఏటా కలిసే వస్తారు. మీరూ వాళ్ళతోపాటే చేయించుకోవాల్సింది."

"ఏటా మా ఫ్యాక్టరీ మూసిన వారమేనా?"

"అదే కదమ్మా. మూసినప్పుడేగా వాళ్ళకీ వీలు."

"ఎప్పుడు బుక్ చేసుకున్నారు?" అని అడిగాను.

"తెరిచిన రోజునే. పోయినేడాది" అన్నాడు.

అక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఈ ఏటి తేదీ బోర్డు మీద పడింది మొన్న. మా ఆయన మంటలోకి చూసి చెప్పింది అటుమొన్న. ఆయన చూడకముందే, ఆ ఇటుకలు ఇంకా కొత్తగా ఉండగానే, మేడమీదవాళ్ళు ఆ వారానికి గదులు తీసుకుని కూర్చున్నారు.

తిరుగు బస్సులో అక్క, "ఇంట్లో చెప్పకు. గది దొరకలేదంటే చాలు" అంది.

"ఎందుకు చెప్పను?"

"వారం పోతే పోయింది. నా మరిది ఆ ఒక్క ప్రశ్న కోసం ఏడాదంతా ఎదురుచూస్తాడు. ఊళ్ళో నలుగురూ డాక్టరుగారు అంటుంటే మీ బావగారు కూడా పొంగిపోతారు. అది పీకేసి అతని చేతిలో ఏం పెడతావ్?"

అక్క మాట కొట్టిపారేసేది కాదు. నిజంగానే ఆలోచించాను. కానీ ఆలోచించేకొద్దీ ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు! ఒక మనిషిని పిలిచి, మంటముందు నిలబెట్టి, నీ మాటే నా మాట అని భుజం తట్టి, పైకెళ్ళి ఎప్పుడో పెట్టుకున్న తేదీనే మళ్ళీ రాయడం. నెలంటే ఇంకో పది రోజులు లాగదా అని బేరం. ఆ పది రోజులు ఎక్కడివో ఇప్పుడు తెలిసింది. ఆయన నోటితోనే ఆ తేదీ చెప్పించేదాకా ఆ బేరం సాగేది. నేను కూర కలుపుతూ ఇరవైసార్లు విన్నాను, ఒక్కసారీ నాకు అనుమానం రాలేదు.

"నేను చెప్తానక్కా. నువ్వు వద్దంటే నువ్వు రాకు" అన్నాను.

వచ్చింది. ఇద్దరం బస్టాండు నుంచి నేరుగా ఫ్యాక్టరీ గేటుకే వెళ్ళాం, ఎందుకంటే ఇద్దరన్నదమ్ములూ ఒకచోట దొరికేది అక్కడే. పొద్దు వాలుతోంది. బావగారు డ్యూటీ దిగి వస్తున్నారు. మా ఆయన క్యారేజీ పట్టుకుని లోపలికి వెళ్ళబోతున్నాడు. మమ్మల్ని చూసి, "గది దొరికిందా?" అన్నాడు నవ్వుతూ.

నేను మొత్తం చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు.

మా ఆయనకి కోపం రాలేదు. పసిపిల్ల ఏదో తెలియక అన్నట్టు నవ్వాడు. "నీకు పిచ్చా ఏంటే? నేను చూడందే వాళ్ళకెలా తెలుస్తుంది? ఫర్నేస్ గోడ ఎంత అరిగిందో కంప్యూటర్లో కనిపిస్తుందా? ఆ రిసెప్షనాయన ఏదో పొరబడి ఉంటాడు."

బావగారు నవ్వలేదు. జేబులోంచి ఫోన్ తీసి ఇటుకల మేస్త్రీకి కలిపి, అందరికీ వినపడేలా పెట్టారు. మేస్త్రీ ఇంకెక్కడో పనిలో ఉన్నాడు, వెనక సుత్తుల చప్పుడు వినపడుతోంది.

"మేస్త్రీ, వచ్చే ఏడు మా దగ్గరికి ఎప్పుడొస్తున్నావు?"

"మీదా? ఏప్రిల్ రెండో వారం కదన్నా. ఆ పై ఏడు మార్చి ఆఖరు" అన్నాడు మేస్త్రీ తడుముకోకుండా. "ఏం, మారిందా? మీ మేనేజరుగారు ఎప్పుడూ మూడేళ్ళకి కలిపి ఒప్పందం రాసుకుంటారుగా. మార్చాలంటే ఇప్పుడే చెప్పాలన్నా, తర్వాత నా వల్ల కాదు."

"లేదు, మారలేదు" అని బావగారు ఫోన్ పెట్టేశారు.

మా ఆయన క్యారేజీ కింద పెట్టాడు. లోపలికి వెళ్ళేవాళ్ళు, "ఏం డాక్టరుగారూ" అని పలకరిస్తూ పోతున్నారు. ఆయన నావైపు తిరిగాడు.

"మరి నన్నెందుకు అడిగేవాడు?"

అక్క నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. అయినా అన్నాను. అప్పుడు అనకపోతే ఇంకెప్పుడూ అనలేను.

"తేదీ ముందు తెలిస్తే అందరూ తమ సెలవులూ, పెళ్ళిళ్ళూ, ప్రయాణాలూ దాని చుట్టూ పెట్టుకుంటారు. వాళ్ళు గదులు తీసుకున్నట్టే మనమూ తీసుకుంటాం. ఆర్డర్లు చూసుకుని వచ్చే ఏటి వారాన్ని అటూ ఇటూ జరుపుదామంటే మనం ఒప్పుకోం. అందుకని చెప్పరు. చెప్పనందుకు జనం తిట్టుకుంటారు కదా, ఆ తిట్లు తినడానికి ఒక మనిషి కావాలి. ఇన్నేళ్ళూ మిమ్మల్నే తిట్టారండీ. నా దుకాణంలో నిలబడి తిట్టారు."

ఆయన ముఖం చూసి నేను ఆగిపోయాను. ఆ క్షణంలో నాకు రిసార్టు గుర్తులేదు, వారం గుర్తులేదు. ఆ మేనేజరుని మాత్రం చేతికి దొరికితే చింపి పోగులు పెట్టేదాన్ని.

లోపల షిఫ్టు బెల్లు మోగింది. ఆ బెల్లు మోగితే ఒకరు ఫర్నేస్ ముందు ఉండి తీరాలి. మా ఆయన అలవాటుగా హెల్మెట్ అందుకున్నాడు. బావగారు అది ఆయన చేతిలోంచి తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నారు. పగలంతా పనిచేసి దిగిన మనిషి.

"ఈ రాత్రి కూడా నేనుంటాలేరా. మేడమీద ఇంకా లైటు వెలుగుతోంది. నువ్వెళ్ళి మాట్లాడి రా" అన్నారు.

"ఏం మాట్లాడనన్నయ్యా?"

"నీకు తోచిందే మాట్లాడు. ఏదైనా నా మాట కూడా అదేనని చెప్పు."

మా ఆయన మేడవైపు చూశాడు. ఫర్నేస్ గురించి మాట్లాడేటప్పుడు ఎలా తూచి మాట్లాడతాడో అలాగే మెల్లగా అన్నాడు. "చల్లార్చడం మనిద్దరికే వచ్చు. మూడేళ్ళ తేదీలూ బోర్డు మీద పెట్టేదాకా చల్లార్చనని ఆ మేనేజరుకి చెప్తాను. మేస్త్రీ వచ్చినా బయటే కూర్చుంటాడు. వాళ్ళు తీసుకున్న గదులు ఖాళీగానే ఉండిపోతాయి."

ఆయన మేనేజరుగారి గురించి 'గారు' లేకుండా మాట్లాడటం నేను ముందెప్పుడూ వినలేదు. బావగారు సరేనని తలూపి లోపలికి వెళ్ళిపోయారు. అక్క కళ్ళు తుడుచుకుని, లోపలికి వెళ్ళే ఒకతని చేతికి క్యారేజీ ఇచ్చి బావగారి వెనకే పంపించింది.

"మరి ఈ ఏటి గది సంగతి?" అన్నాను.

"అది నువ్వు అడుగు. నాకు అరవడం రాదు" అన్నాడు మా ఆయన. నా చెయ్యి పట్టుకుని ఆఫీసు మెట్లవైపు నడిచాడు.